పదో నంబరు బూట్లు

రాజపాళయంలో కుక్కపిల్లను ఎలా ఏరుకోవాలో చూపిస్తానని మా రాజుగారు నన్ను పెరట్లోకి తీసుకెళ్లారు. గోనెపట్టా మీద ఐదు పిల్లలు. సున్నంలో ముంచి తీసినట్టు తెలుపు, గులాబీ రంగు ముక్కులు. నేను వంగానో లేదో, ఒకటి ఎగిరొచ్చి నా పంట్లాం అంచు పళ్లతో పట్టుకుంది.

"ఇదండీ పిల్లంటే! హుషారు చూడండి" అన్నాను.

"వచ్చినవాళ్లంతా దాన్నే అడుగుతారు" అని ఆయన నవ్వి ఊరుకున్నారు. పాలగిన్నె తెచ్చి పెట్టారు. ఐదూ మూతులు ముంచాక, చెప్పులు విడిచి, అడుగుల చప్పుడు కాకుండా వాటి వెనక్కి వెళ్లి, ఒక్కసారి గట్టిగా చప్పట్లు చరిచారు. నాలుగు తలలు గిరుక్కున తిరిగాయి. నా పంట్లాం పట్టుకున్నది మాత్రం పాలు తాగుతూనే ఉంది.

దానికి చెవుడు. ఒళ్లంతా తెలుపు ఉండే జాతుల్లో కొన్నిటికి ఇది పుట్టుకతో వచ్చే ఇబ్బంది. రాజపాళయం కుక్కల్లోనూ ఉంది. అడవిపందిని తరమడానికి పెంచిన జాతి ఇది. వెనక నుంచి పిలిస్తే వినపడని వేటకుక్కకి ఎంత హుషారుంటే ఏం లాభం? "అది నా దగ్గరే ఉంటుంది లెండి. తెలియనివాడికి అంటగడితే పాపం" అన్నారు రాజుగారు. పంట్లాం అంచుకి పడిన చిన్న చిల్లు చూసుకుంటూ నేను మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్లుగా కుర్రాళ్లు బంతి వేస్తుంటే చూసి "వీడు పనికొస్తాడు, వీడు రాడు" అని రాసి బతుకుతున్నవాణ్ని. ఐదు పిల్లల్లో సరిగ్గా చెవిటిదాన్ని ఏరుకున్నాను.

ఊరి గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. తమిళనాడులో విరుదునగర్ జిల్లా, పడమటి కనుమల పాదాల దగ్గర. విజయనగర రోజుల్లో దక్షిణానికి దిగిన తెలుగు రాజులు ఇక్కడ స్థిరపడ్డారు. ఇంట్లో ఇప్పటికీ తెలుగే. అక్షరాలు మాత్రం తమిళం. నేను వెళ్లిన పెళ్లికి శుభలేఖ తమిళంలో వచ్చింది, ఫోనులో పిలుపు తెలుగులో వచ్చింది. 1949 నుంచి 1952 దాకా ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. 2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కల మీద నాలుగు బిళ్లలు వేస్తే అందులో ఒకటి ఈ తెల్లకుక్క. నూలు మిల్లులు సరేసరి. పక్కనున్న సత్రపట్టిలో ఆసుపత్రులకు బ్యాండేజీ గుడ్డ నేస్తారు. ఫాస్ట్ బౌలర్ల గురించి రాయబోతున్నాను కాబట్టి బ్యాండేజీ మాట ముందే చెప్పి ఉంచుతున్నాను.

సాయంత్రం రాజుగారి మనవడు నన్ను మైదానానికి లాక్కెళ్లాడు. "తాతయ్యా, ఒకడున్నాడు, మీరు చూసి తీరాలి" అని. ఈ మాట నేను కనీసం రెండొందల ఊళ్లలో విన్నాను. ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. నూటికి తొంభైమంది ఆ ఊరి పిచ్ మీద, ఆ ఊరి బ్యాటర్లకి మాత్రమే ఫాస్ట్.

బౌలర్ని చూడాలంటే ముందు కీపర్ని చూడాలి. ఇది నాకు ఒక పాత రంజీ కీపర్ నేర్పిన కిటుకు. బౌలరు మీ కళ్లని మోసం చెయ్యగలడు. పొడుగు రనప్పు, ఊగే జుట్టు, విసురు, కేక, ఇవన్నీ కలిసి 120 కిలోమీటర్ల వేగాన్ని 140లా చూపిస్తాయి. కీపరుకి ఆ వేషాలతో పని లేదు. బంతి ఎక్కడ అందుతుందో అక్కడ నిలబడతాడు. ఆ మైదానంలో కీపర్ వికెట్ల వెనక ఎంత దూరంలో ఉన్నాడంటే, వేపచెట్టు నీడ వదిలి పోలేక అక్కడ నిలబడ్డాడేమో అనుకున్నాను. మొదటి బంతి పడ్డాక అర్థమైంది. బంతి అందుకున్న చేతిని ప్రతిసారీ తొడకి రుద్దుకుంటున్నాడు.

బౌలరుకి పదిహేడేళ్లు ఉంటాయి. పొడగరి, బక్కపలచన. కుడిచేతివాటం. పద్నాలుగు అంగల రనప్పు, ఎక్కడా తడబాటు లేదు. టెన్నిస్ బంతికి నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టారు. రెండో బంతికే బ్యాటర్ లెగ్ సైడుకి జరిగాడు. మనవడు నా మొహం వంక చూస్తున్నాడు, ఎప్పుడు ఔరా అంటానా అని.

అనలేదు. వేరుశనక్కాయలు కొనుక్కుని పిట్టగోడ మీద కూర్చున్నాను.

టెన్నిస్ బంతి బరువు 58 గ్రాములు, టేపు చుడితే ఇంకాస్త. అసలు క్రికెట్ బంతి 160 గ్రాముల దాకా ఉంటుంది. చిన్నదాన్ని గాలిలా విసిరేవాడు పెద్దదాన్ని అలాగే విసరగలడని రూలేం లేదు. అందుకని మొదటి రెండు ఓవర్లు నేను లెక్కలోకి తీసుకోను. ఆ రెండు ఓవర్లు ఊరంతా చూస్తుంది, ఈలలు వేస్తుంది. నా పని ఆ తర్వాత మొదలవుతుంది. ఎవరైనా సిక్స్ కొట్టాలి. క్యాచ్ వదిలెయ్యాలి. వాడు అలసిపోవాలి. అప్పుడు ఏం చేస్తాడో చూడాలి.

మూడో ఓవర్లో సిక్స్ పడింది. కుర్రాడు మరుసటి బంతిని కసిగా వేశాడు, లెగ్ సైడుకి వైడు పోయింది. ఆ తర్వాత ఆగాడు. కెప్టెన్ దగ్గరికి పోయి మిడ్ వికెట్ వాణ్ని వెనక్కి పంపించుకున్నాడు. మళ్లీ అదే లెంగ్తులో, ఇందాక దెబ్బ తిన్న చోటే వేశాడు. నేను గోడ మీద కొంచెం ముందుకి జరిగాను.

వాడికి చెప్పుల్లేవు, బూట్లు లేవు. ఒట్టి కాళ్లు. గట్టి ఎర్రనేల. బంతి వదిలే ముందు ఎడమకాలు దిగినప్పుడల్లా మడమ ఒక అంగుళం ముందుకి జారుతోంది. ఓవరు అయ్యాక వెళ్లి చూశాను. క్రీజు దగ్గర నేల మీద ఒకే చోట, ఒకే కొలతలో గీతలు పడ్డాయి, చాకుతో గీసినట్టు. అంత నిక్కచ్చిగా ఒకే చోట కాలు పెట్టేవాణ్ని చూసి ఎంత కాలమైందో! కానీ కాలు జారుతోంది కాబట్టి ఆ జారుడుని నడుముతో ఆపుకుంటున్నాడు. ఒళ్లు ఎడమ పక్కకి విల్లులా వంగిపోతోంది. ఇప్పుడు నొప్పి లేదు. పదిహేడేళ్లకి ఉండదు.

ఇలాంటి కుర్రాణ్ని చూసినప్పుడు నాకు ఇంకో దేశపు పద్ధతి గుర్తొస్తుంది. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్లను ఏరేవాళ్లు, వాళ్లని స్కౌట్లు అంటారు, కుర్రాడి ఒక్కో విద్యకి 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు. 50 అంటే పెద్ద లీగులో సగటు ఆటగాడు. నాకు నచ్చింది ఈ అంకెలు కావు. ప్రతి విద్యకీ రెండు మార్కులు వేస్తారు. ఒకటి ఇవాళ్టిది, ఒకటి ముందుముందు కాగలిగినది. ఇవాళ 40, రేపు 60. ఆ మధ్యలో ఉన్న 20 మార్కులకి స్కౌటు తన పేరు పూచీ పెడుతున్నాడన్నమాట.

ఆ పూచీ ఎన్నిసార్లు మునిగిందో చెప్పడానికి వాళ్లు స్టీవ్ డల్కౌస్కీ కథ చెప్పుకుంటారు. 1957లో కుర్రాళ్ల లీగులో మొదటి సీజన్. 62 ఇన్నింగ్స్‌లో 121 మందిని బంతి కొట్టనివ్వకుండా పంపించాడు, వీటినే స్ట్రైకౌట్లు అంటారు. 129 మందికి నాలుగేసి బంతులు అటూ ఇటూ విసిరి ఊరికే బేస్ ఇచ్చేశాడు. 1960లో స్టాక్‌టన్ జట్టుకి ఆడినప్పుడు ఈ రెండు అంకెలూ సమానం: 262, 262. అంతటి వేగం తాము చూడలేదని ఎదుర్కొన్నవాళ్లే చెప్పారు. 1963లో, ఇక పెద్ద జట్టులో చోటు ఖాయమనుకున్న రోజుల్లో, మోచెయ్యి పోయింది. మేజర్ లీగులో ఒక్క మ్యాచ్ ఆడకుండానే ముగిసింది.

బేస్‌బాల్‌లోనే మనకు దగ్గరి కథ ఇంకోటుంది. కుమార్ రాకర్. పేరులో కుమార్ ఊరికే రాలేదు. తల్లి లలిత భారత సంతతి ఆవిడ. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరున్న ఆటగాడు. ఆరడుగుల ఐదంగుళాల మనిషి ఈ కుమార్. హైస్కూలు అయ్యాక 2018లో, జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, కొలరాడో జట్టు 38వ రౌండ్లో పేరు పిలిస్తే, వద్దనుకుని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. 2019 జూన్ 8న డ్యూక్ జట్టు మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ మొత్తం తానే వేశాడు. 19 స్ట్రైకౌట్లు. పందొమ్మిదేళ్ల పిల్లాడు. దేశమంతా ఊగిపోయింది. ఆ రోజు అతను వేసిన బంతులు 131. ఈ అంకెని ఎవరూ పెద్దక్షరాల్లో వెయ్యలేదు. పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లలకి రోజుకి 105 మించొద్దని అక్కడి పెద్దలే లెక్క కట్టి పెట్టారు. అతను ఆ వయసు దాటి ఒక్క ఏడాదే.

2021లో న్యూయార్క్ మెట్స్ అతన్ని పదో వాడిగా ఎంచుకుంది. 60 లక్షల డాలర్లకి మాట అయిందని పత్రికలు రాశాయి. వైద్య పరీక్ష అయ్యాక మెట్స్ సంతకం పెట్టలేదు. అతని తరపువాళ్లు చెయ్యి బాగానే ఉందన్నారు. ఆ సెప్టెంబరులోనే భుజానికి ఆపరేషన్ జరిగింది. మరుసటి ఏడాది ఎవరికీ పట్టని ఒక చిన్న లీగులో కొన్ని మ్యాచ్‌లు వేశాడు. అక్కడ చూసి టెక్సాస్ రేంజర్స్ మూడో వాడిగా తీసుకుంది, పదో స్థానం నుంచి పైకి! 2023లో మోచేతికి ఆపరేషన్. 2024 సెప్టెంబరు 12న పెద్ద లీగులో తొలి మ్యాచ్: సియాటిల్ మీద నాలుగు ఇన్నింగ్స్, ఏడు స్ట్రైకౌట్లు.

ఇందులో ఎవరు తప్పు, ఎవరు ఒప్పు? మెట్స్ డాక్టర్లు లోపల ఏదో చూశారు, దాన్ని తప్పనలేం. రేంజర్స్ స్కౌట్లు కోసి కుట్టిన భుజాన్ని చూసి కూడా సరేనన్నారు, అదీ తప్పనలేం. నా ఓటు మాత్రం ఆ చిన్న లీగు మైదానంలో చెక్క బెంచీ మీద కూర్చుని అతన్ని రెండోసారి చూసినవాడికే. 19 స్ట్రైకౌట్ల రోజున చూడ్డానికి కన్ను అక్కర్లేదు.

వేగం ఒక్కటే వెతికితే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. 2008లో 'మిలియన్ డాలర్ ఆర్మ్' అని ఒక అమెరికా ఏజెంటు ఊరూరా రాడార్ గన్ పట్టుకుని తిరిగాడు. ఎవరు గట్టిగా, గీత లోపల విసిరితే వాళ్లకి బహుమతి. ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ మొదటి రెండు స్థానాల్లో నిలిచారు. ఇద్దరూ ఈటె విసిరేవాళ్లు, బేస్‌బాల్ ఎప్పుడూ చూసినవాళ్లు కారు. అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంతకాలు చేయించుకుంది. ఆ సాహసానికి దండం. ఇద్దరిలో ఎవరూ పెద్ద లీగు దాకా రాలేదు. సినిమా మాత్రం వచ్చింది.

మద్రాసులో 1987లో ఫాస్ట్ బౌలర్లని తయారుచేసే ఎం.ఆర్.ఎఫ్. పేస్ ఫౌండేషన్ మొదలైనప్పుడు, అక్కడ నేర్పడానికి వచ్చిన ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెన్నిస్ లిల్లీ చేసిన మొదటి గొప్ప పని ఏమిటో తెలుసా? బొంబాయి నుంచి ఫాస్ట్ బౌలర్ అవుతానని వచ్చిన సచిన్ అనే పిల్లాణ్ని నువ్వు బ్యాటింగే చూసుకో అని తిప్పి పంపడం. కాదనడం కూడా ఏరడంలో భాగమే. లిల్లీకి ఇంకోటి తెలుసు: 1973లో తన వెన్నులోనే ఎముక చిట్లింది. కట్టు కట్టుకుని, యాక్షన్ మార్చుకుని, తిరిగొచ్చి మళ్లీ భయపెట్టాడు. నడుము విరిగినవాడు నడుములు చూడ్డంలో దిట్ట అవుతాడు మరి.

ఓపిగ్గా చూసి నిలబెట్టిన కథలూ ఉన్నాయి. ఫాస్ట్ బౌలర్ నటరాజన్‌ది సేలం దగ్గర చిన్నప్పంపట్టి. టెన్నిస్ బంతితోనే పెరిగాడు. 2015లో రంజీ ఆడగానే యాక్షన్ మీద ఫిర్యాదు వచ్చింది. అక్కడితో ఆగిపోయినవాళ్లు ఎందరో. ఇతను మొత్తం యాక్షన్ విప్పి మళ్లీ కట్టుకున్నాడు, వెనక పట్టుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి. 2020-21 ఆస్ట్రేలియా పర్యటనలో మూడు రకాల క్రికెట్‌లోనూ భారత్ తరపున అడుగుపెట్టాడు. మన సిరాజ్ సంగతి మీకు నేను చెప్పేదేముంది. ఆటో నడిపే తండ్రి, టెన్నిస్ బంతి, గల్లీ. 2016-17 రంజీలో హైదరాబాద్ కోచ్‌గా వచ్చిన భరత్ అరుణ్ చేతిలో పడ్డాడు, ఆ సీజన్‌లో 41 వికెట్లు. ఈ ఇద్దరి వేగాన్నీ ముందు వాళ్ల వీధివాళ్లే చూశారు. వీధి చూసినదాన్ని ఆపైన ఎవరో ఒకరు కూర్చుని చూశారు.

నేను అలా కూర్చోని ఒక సంగతి చెప్పాలి. ఇన్నాళ్లూ ఈ కాలమ్‌లో రాయలేదు.

పాతికేళ్ల కిందట ఒక జిల్లా జట్టు ఎంపికలో నాకూ ఒక మాట ఉండేది. ఒక పల్లెటూరి కుర్రాడు వచ్చాడు. నెట్స్‌లో మూడు బంతులు చూసి "వీణ్ని రాసుకోండి" అన్నాను. మూడంటే మూడే. ఆ సీజనంతా వాడి చేత రోజుకి ఇరవై ఓవర్లు వేయించాం. పొద్దున కొత్త బంతితో, ఎండలో పాత బంతితో, సాయంత్రం గెలుపు కావాలంటే మళ్లీ వాడితోనే. ఇంగ్లండ్ బోర్డు పదిహేడేళ్ల పిల్లలకి ఒక స్పెల్‌లో ఏడు ఓవర్లు, రోజుకి పద్దెనిమిది అని హద్దు పెట్టుకుంది. మాకు అలాంటి హద్దు ఉంటుందని కూడా తెలియదు. తెలుసుకోవాలని అనిపించలేదు. వాడు వేస్తానంటున్నాడు, మేం గెలుస్తున్నాం. నడుం పట్టేసిందని ఒకసారి అంటే, వేడినీళ్లు పోసుకో అన్నది నేనే.

మరుసటి ఏడు వాడు రాలేదు. వెన్నుపూసలో పగులు. డాక్టరు ఆరు నెలలు పడుకోమన్నాడట, ఇంట్లో పడుకునే వెసులుబాటు లేదు. ఇప్పుడు ఒక పెట్రోలు బంకులో మేనేజరు. నన్ను చూస్తే ఇప్పటికీ "సార్, బాగున్నారా" అని నవ్వుతూ పలకరిస్తాడు. ఆ నవ్వుని తప్పించుకోడానికి నేను రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి వేరే బంకుకి వెళతాను.

అందుకే రాజపాళయం పిట్టగోడ మీద గంటన్నర కూర్చున్నాను. చీకటి పడబోతుండగా కుర్రాడు ఆఖరి ఓవరు వేశాడు. అప్పటికి ఏడు ఓవర్లయ్యాయి. నేను వాణ్ని చూడలేదు, కీపర్ని చూశాను. ఒక్క అడుగు కూడా ముందుకి జరగలేదు.

ఆట అయ్యాక పిలిచాను. మనవడు మధ్యలో తమిళం, తెలుగు అటూ ఇటూ చేశాడు. తోలుబంతితో వేశావా అంటే స్కూల్లో రెండుసార్లు అన్నాడు. వారంలో ఎన్ని రోజులు వేస్తావంటే ఏడు అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు. ఆదివారం మూడు మ్యాచ్‌లట. మూడు జట్లు, ఒక్కో మ్యాచ్‌కి బిర్యానీ, వంద రూపాయలు. నడుం నొప్పి ఉందా అంటే లేదన్నాడు. పొద్దున లేచినప్పుడు? కాసేపు ఆలోచించి, "కొంచెం, ఎడమ పక్క" అన్నాడు. లేచి నాలుగడుగులు వేస్తే పోతుందట.

రాజుగారి చప్పట్లకి పాలగిన్నె దగ్గర తిరగని ఆ తల గుర్తొచ్చింది.

నేను వాడికి గొప్పవాడివవుతావని చెప్పలేదు. ఆదివారం ఒక్క మ్యాచే ఆడమన్నాను. ముందు ఎముకల డాక్టరుకి నడుము చూపించమన్నాను. ఆ ఖర్చు రాజుగారు చూసుకుంటానన్నారు. ఒక చిన్న నోటుపుస్తకం కొనిచ్చి, వేసిన ప్రతి బంతినీ లెక్క రాయమన్నాను. మిల్లులో పనిచేసే వాళ్ల నాన్నతోనూ మాట్లాడాను. ఆయన అడిగింది ఒకటే: "దీనివల్ల ఉద్యోగం వస్తుందా?" రావచ్చు, రాకపోవచ్చు అన్నాను. అబద్ధం ఆడనందుకో ఏమో, కాఫీ ఇప్పించారు.

నిన్న రాజుగారు ఫోన్ చేశారు. స్కానింగులో పగులు లేదు, వాపు ఉందన్నారట. ఆరు వారాలు బంతి ముట్టొద్దన్నారు. కుర్రాడు ఆయన పెరట్లో ఆ చెవిటి కుక్కపిల్లకి చేతిసైగలు నేర్పుతున్నాడట. ఆరు వారాల తర్వాత తోలుబంతితో, బూట్లు వేసుకుని, మొదటిసారి సరైన నెట్స్‌లో వేస్తాడు. స్పైకులున్న బౌలింగ్ బూట్లు కావాలి. పదో నంబరు. ఇక్కడ కొనబోతే వాళ్ల నాన్న ఒప్పుకోలేదు, వాడినవైతే తీసుకుంటానన్నారు. మీ ఇంట్లో అటక మీద అలాంటి జత ఏదైనా ఉంటే పత్రిక చిరునామాకి పంపండి. ఎడమ బూటు మడమ అరగనిదై ఉండాలి.